పక్కింటి కోళ్లు

తెనాలి,
జూన్ 9.

ఏంజెలక్కకి,

ప్రేమతో, వందనాలతో నీ చెల్లి కరుణ రాస్తున్నది. చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాలంలో ఉత్తరమేంటని ముందు నవ్వుతావు, తర్వాత కంగారు పడతావు. కంగారేం లేదు, అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. ఫోన్లో అయితే నేను హలో అనగానే "ఏంటే, గొంతలా ఉంది?" అంటావు. నేను వెంటనే "జలుబు" అంటాను. ఈ వేసవిలో నాకు ఇన్నిసార్లు జలుబు ఎలా చేసిందని నీకీపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో ప్రశ్నలు వెయ్యవు, నాకూ తప్పించుకునే దారి ఉండదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు బండి సంగతి చెబుతాను. ఈస్టర్ అయ్యాక మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు ఒక సరుకుల బండి మొదలుపెట్టారు. బండి అంటే తోమాసన్న ట్రాలీ ఆటోయే. మిగతా రోజుల్లో నిమ్మకాయల బస్తాలు మార్కెట్ యార్డుకి మోస్తుంది. వారానికి మూడు రోజులు మాకిస్తాడు. వెనక చెక్క అరలు బిగించి బియ్యం, పప్పులు, నూనె, చింతపండు, గుడ్లు, ఏ రోజు దొరికిన కూరగాయలు ఆ రోజు సర్దుకుంటాం. ఎంత కడిగినా ఆ అరల్లోంచి నిమ్మకాయ వాసన పోదు. మంగళవారం నందివెలుగు, గురువారం చుండూరు, శనివారం రేపల్లె మీదుగా నగరం ఊరి దాకా వెళతాం. కాలవలకి ఇంకా నీళ్లు వదల్లేదు గనక చుండూరు వైపు కూలిపనులు లేవు. అటు సముద్రం మీద చేపల వేట నిషేధం. రేపల్లె అవతల పడవలవాళ్ల ఇళ్లల్లో వలలు దూలాలకి వేలాడుతున్నాయి. అక్కడ రత్తాలు అని ఒకావిడ ఉంది, చేపలమ్ముకుంటుంది, మొగుడు వీరాంజనేయులు పడవ మీద పనికి వెళతాడు. బండి ఆగగానే మొదట వినిపించేది ఆవిడ గొంతే. "ఏంటమ్మా, ఇంత ఆలస్యం! మేం ఎండు చేపలైపోతున్నాం ఇక్కడ!"

బండికి పెద్దదిక్కు లక్ష్మమ్మ గారు. నీకు గుర్తుండాలి, మన జార్జి మాస్టారి భార్య. ఆవిడా టీచరుగా చేసి రిటైరయ్యారు. నోరు కొంచెం పెద్దది, మోకాళ్లు బాగా నొప్పి. ఆవిడ పెట్టిన నియమం ఒకటే. సంచులు కట్టి చేతిలో పెట్టకూడదు. ఎవరికి ఏది కావాలో వాళ్లు వరసలో వచ్చి, అరలో చూసుకుని, వాళ్ల చేత్తో వాళ్లే తీసుకోవాలి. రేషన్ కార్డు అడగకూడదు, ఫోటో తియ్యకూడదు. మొన్న నూనె ప్యాకెట్లు ఇచ్చిన షాపాయన "ఒక్క ఫోటో అండి, మా గ్రూపులో పెట్టుకోడానికి" అని బతిమాలాడు. లక్ష్మమ్మ గారు "అలాగేనండి. ముందు మీ ఇంట్లో మీరు అన్నం తింటున్న ఫోటో పెట్టండి, ఎలా వచ్చిందో చూసి వీళ్లనడుగుతాను" అన్నారు. ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నూనె మాత్రం ఆపలేదు పాపం.

నేను అరల దగ్గర నిలబడి బియ్యం కొలుస్తాను. ఈ పని నాకు బాగుంది. చాలా రోజుల తర్వాత నేను ఎవరికో పనికొస్తున్నానని అనిపిస్తోంది. ఇక్కడిదాకా చదివి నువ్వు సంతోషించి ఉత్తరం మడిచేస్తావేమో, మడవకు. చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.

కాలేజీలో మా ఆయనకీ నాకూ జీతాలు ఆగిపోయి చాలా కాలమైంది. పిల్లలు చేరడం లేదు, యాజమాన్యం వాళ్లు వేసవి తర్వాత చూద్దాం అంటున్నారు. ఇద్దరం ఒకే ప్రైవేటు కాలేజీలో చేరినప్పుడు ఎంత మురిసిపోయామో గుర్తుందా? ఒకే బండి మీద వెళ్లి ఒకే బండి మీద వస్తామని. ఇప్పుడు ఇద్దరం ఒకేసారి ఇంట్లో కూర్చున్నాం. రమేష్ బాబు ట్యూషన్ల కోసం తిరుగుతున్నాడు గానీ సెలవుల్లో ట్యూషన్ ఎవరికి కావాలి? మా అమ్మాయి భవ్య డిగ్రీలో చేరాలి. దానికి విషయం కొంత తెలుసు, పూర్తిగా తెలియనివ్వలేదు.

అసలు సంగతి ఇదక్కా. నేను ఇంట్లో "బండి దగ్గర తిన్నాను" అంటాను. బండి దగ్గర "ఇంట్లో తినే వచ్చాను" అంటాను. రెండు చోట్లా నమ్ముతారు. మొదటిసారి అనుకోకుండా నోటికొచ్చింది. గిన్నెలో ఉన్న అన్నం వాళ్లిద్దరికీ సరిపోయేలా ఉంది, అంతే. ఇప్పుడది అలవాటైపోయింది. అరల నిండా సరుకులు పెట్టుకుని వాటి మధ్య నిలబడి బియ్యం కొలుస్తుంటే ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి. ఎండ అనుకుంటారు, నీళ్లిస్తారు.

మరి ఆ బండిలోంచి నువ్వూ తీసుకోవచ్చుగా అంటావు. ఎలా తీసుకోను? అటువైపు నిలబడ్డ వాళ్లకి నేను "రండమ్మా" అనే మనిషిని. ఇది అభిమానమో అహంకారమో నాకే తేలడం లేదు. ఇరవై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పాను. బోర్డు మీద పేదరికపు రేఖ గీసిన ప్రతిసారీ ఆ గీతకి పైన ఎక్కడో నిలబడే గీశాననుకుంటాను. ఇప్పుడు కిందకి చూసుకుంటే కాళ్లెక్కడున్నాయో కనపడ్డం లేదు.

బావగారికి చెప్పకు. నువ్వు ఏదైనా పంపితే మాత్రం నిజంగా కోపమొస్తుంది. ఊరికే ఒకరికి చెప్పుకోవాలనిపించింది.

నీ
కరుణ


తెనాలి,
జూన్ 24.

అక్కా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాస్తే రెండు ముక్కలు రాశావు. "ముందు తిను. అనుమానాలు తిన్నాక పడుదువు గాని." చదివి నవ్వుకున్నాను. బాపట్ల ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్లు చేసిన మనిషివి, చీటీ రాసినట్టే రాశావు. తిందామనే అనుకున్నాను. కానీ ఈ లోపల ఒక వెధవపని జరిగింది. దానికి కారణం నేనే. అది చెబితే గాని నా మనసు నిలవదు.

పిడికెడు బియ్యం సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అమ్మ అన్నం వండబోయే ముందు ఎసట్లో పొయ్యాల్సిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా చర్చికి తీసుకెళ్లి పెద్ద బస్తాలో పోసి రావడం మన వంతు. ఆరాధన అయ్యాక ఆ బస్తా వేలం వేసేవాళ్లు. మా చర్చిలో ఇప్పటికీ ఆ అలవాటే. నేను కూడా నా పిడికెడు మానలేదు. గిన్నెలో ఎన్ని ఉన్నా ముందు ఆ పిడికెడు తీస్తాను. నవ్వకు.

సమాజం మీటింగులో నేను లేచి, "వేలం ఎందుకండీ? ఎవరో కొనుక్కోవడం, ఆ వచ్చినదానితో మనం మళ్లీ బియ్యం కొనడం, ఇదంతా చుట్టూ తిరగడమే కదా? ఈ బియ్యం తిన్నగా బండి ఎక్కిద్దాం" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. "చదువుకున్న పిల్ల, ఎంత తేలిగ్గా చెప్పింది చూడండి" అన్నారు. నాకూ లోపల కొంచెం పొంగింది. చాలా కాలానికి ఎవరో నా మాట విన్నారు.

ఆ శనివారం ఆ బస్తాలోంచే కొలిచాను. తర్వాతి శనివారం రేపల్లె దాటి బండి ఆగేసరికి రత్తాలు గిన్నెతో నిలబడి ఉంది. గిన్నెలో వండిన అన్నం.

"కరుణమ్మా, దిగు. దిగి ఇది చూడు."

"ఏమైంది రత్తాలూ?"

"ఏమైందో నువ్వే చెప్పాల. ఇయ్యేం బియ్యమమ్మా? కొన్ని జావైపోయినయ్యి, కొన్ని పలుకు మీదున్నయ్యి. ఇంకా ఎసరు పోస్తే జావైనయ్యి ఇంకా జావ, పొయ్యలేదనుకో, పలుకులు పళ్ల కింద పటపటలాడతన్నయ్యి. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నా వంక ఒక చూపు చూశాడు. పెళ్లైన కొత్తలో చూశాడు అట్టా, మళ్లీ ఇప్పుడు."

వరసలో ఆడవాళ్లందరూ ఫక్కున నవ్వారు. "మా ఇంట్లోనూ అంతే!" "మా పిల్లలు ఏరుకుని తిన్నారమ్మా!" అని తలా ఒకటి అందుకున్నారు. ఎవరికీ కోపం లేదు, అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. ఆలోచిస్తే ఏముంది అక్కా! ఒక ఇంటివి పాత బియ్యం, ఒక ఇంటివి కొత్త బియ్యం, ఒకరివి కోటా బియ్యం, ఇంకొకరివి సన్నబియ్యం, షుగరున్నవాళ్లింట్లో ఉప్పుడు బియ్యం. ఊళ్లో ఉన్న రకాలన్నీ ఆ ఒక్క బస్తాలో ఉన్నాయి. దేని ఉడుకు దానిది. అమ్మ రోజుల్లో ఆ వేలం బస్తా ఎప్పుడూ ఇడ్లీ కొట్టువాళ్లే ఎందుకు పాడుకునేవారో నాకప్పుడు అర్థమైంది. పిండి ఆడించుకుంటే ఏ బియ్యమైనా ఒకటే.

వేట నిషేధం అయిపోయినా రత్తాలు వాళ్లు ఇంకా తేరుకోలేదు. మొదటి వేటలో పడ్డది డీజిలుకే సరిపోయిందట. అలాంటి ఇంటికి నేనిచ్చిన బియ్యం అది. ఆ రోజు అందరికీ మంచి బియ్యం మార్చి ఇచ్చాం. కలగలుపు బస్తా సగం పైగా మిగిలిపోయింది. సాయంత్రం చర్చి దగ్గర దించేటప్పుడు లక్ష్మమ్మ గారు "దీన్నేం చేద్దామే?" అన్నారు.

అప్పుడు నా నోట్లోంచి, నేను ఆలోచించకుండానే, "పక్కింటి వాళ్ల కోళ్లకి వేస్తానండి" అని వచ్చేసింది.

పక్కింట్లో కోళ్లు లేవక్కా.

తోమాసన్న పాపం ఆ బస్తా మోసుకొచ్చి మా వరండాలో దించాడు. ఆ రాత్రే వండాను. భవ్య కలిపింది, ఒక ముద్ద తిన్నది, పళ్లెంలోకి చూసింది. "అమ్మా, ఈ అన్నం అంతా ఒకే రోజు వండావా?" అంది. రమేష్ బాబు పళ్లెం ముందుకి జరిపాడు. "మజ్జిగ ఇంకాస్త పొయ్యి" అన్నాడు. నేను కూడా తిన్నాను. చాలా రోజుల తర్వాత వాళ్లతో పాటు కూర్చుని కడుపు నిండా తిన్నాను. రత్తాలు చెప్పింది అక్షరాలా నిజం, పలుకులు పటపటలాడాయి. అయినా తింటుంటే ప్రాణం లేచొచ్చింది. అదే నన్ను భయపెడుతోంది.

ఇది దొంగతనమా కాదా అని మూడు రోజులుగా నాలో నేనే వాదించుకుంటున్నాను. అందరూ వద్దన్న బియ్యమేగా? కోళ్లకి వేస్తే తప్పు లేనిది పిల్లకి పెడితే తప్పెలా అవుతుంది? కానీ కోళ్లు నిజంగా ఉంటే నేను నిజం చెప్పినట్టు. అబద్ధం చెప్పి తెచ్చుకున్నాను గనకే ఇంత వాదన. ఇవాళ వద్దన్న బియ్యం తెచ్చిన చెయ్యి రేపు బాగున్న కందిపప్పు మీదకి పోదని ఏంటి నమ్మకం? అరల ముందు నిలబడే మనిషి మీద ఆ మాత్రం నమ్మకం ఉండాలి. నాకే నా మీద లేదు.

అందుకని నిర్ణయించుకున్నాను. బండి మానేస్తాను. కాలేజీ పని ఉందనో, భవ్య అడ్మిషన్ అనో చెబుతాను. అదీ అబద్ధమే గానీ ఆఖరిదవుతుంది. ఆ పని మానడం నాకెంత కష్టంగా ఉందో నీకు చెప్పలేను. జీతం ఆగినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు. వారంలో ఆ మూడు రోజులే నేను మనిషిలా ఉండేదాన్ని.

తిన్నాను. నీ మాట విన్నానని మాత్రం గుర్తుపెట్టుకో.

నీ చెల్లి
కరుణ


తెనాలి,
జూలై 6, ఆదివారం.

ఏంజెలక్కా,

నీ జవాబు కోసం ఆగలేక మళ్లీ రాస్తున్నాను. తిట్టడానికి కూర్చుని ఉంటే కలం పక్కన పెట్టు. ముందు ఇది చదువు.

పోయిన వారం చెప్పలేకపోయాను, ఈ మంగళవారం మానేస్తున్నానని చెబుదామనే వెళ్లాను. లక్ష్మమ్మ గారు మోకాళ్ల నొప్పితో రాలేదు. చెప్పకుండా మానడం బాగుండదని నందివెలుగు వెళ్లొచ్చాను. బండి దిగేటప్పుడు తోమాసన్న ఒక కందిపప్పు ప్యాకెట్ చేతిలో పెట్టాడు. "కవరు చిరిగిందమ్మా. ఎవరు తీసుకుంటారు? మీ కోళ్లకెయ్యండి." చూస్తే మూలన చిన్న చీలిక, అది కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉంది. కోళ్లు కందిపప్పు తింటాయేమోలే అనుకున్నాను. నాకు కోళ్ల గురించి ఏం తెలుసు?

గురువారం చుండూరులో అంతా అయ్యాక మళ్లీ వచ్చాడు. ఈసారి అట్టపెట్టెలో గుడ్లు. "సొట్ట పడ్డయ్యమ్మా. మీ కోళ్లకి."

"తోమాసన్నా, కోళ్లు గుడ్లు తింటాయా?"

ఆయన తలపాగా సర్దుకుని ఎటో చూశాడు. "కొన్ని తింటయ్యండి. మీ కోళ్లు మంచి కోళ్లు. ఈ టీ పొడి కూడా ఉంచండి."

ఇంటికొచ్చి గుడ్లు ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఒక్కదానికీ సొట్ట లేదు. అప్పుడు కూడా నేను అసలు విషయం పట్టుకోలేకపోయాను చూడు. తోమాసన్న అమాయకుడు గనక పొరపాటు పడ్డాడనుకున్నాను. అమాయకులెవరో మర్నాడు పొద్దున్నే తెలిసింది.

పక్కింటి వెంకట్రామయ్య గారు నీకు తెలుసు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఉల్లిపాయ కూడా ఇంట్లోకి రానివ్వరు. ప్రహరీ మీద నుంచి గొంతు తగ్గించి పిలిచారు.

"అమ్మాయ్ కరుణా, ఒక చిన్న సంగతి. పోయిన వారం మీ చర్చి బండాయన ఎవరో తవుడు బస్తా ఒకటి తెచ్చి మా గుమ్మంలో దించాడు. 'మీ కోళ్లకండి, బియ్యంతో కలిపి పెడితే బాగా పెరుగుతయ్యి' అన్నాడు. మా ఇంట్లో కోళ్లేంటమ్మా! మా నాయనమ్మ బతికుంటే అక్కడికక్కడే మూర్ఛపోయేది."

నేను ప్రహరీ దగ్గరికి జరిగాను. "మీరేమన్నారండీ?"

"ఏమంటాను? నీ పేరు చెప్పాడు. ఏదో కారణం లేందే నువ్వలా చెప్పవుగదా అని 'ఆ, ఆ, అక్కడ పెట్టు' అన్నాను. ఆయన మా తులసికోట వంకా, మా ఆవిడ వేసిన ముగ్గు వంకా ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ తవుడు ఏం చెయ్యమంటావు? వీధి చివర ఆవుంది, పెట్టేదా?"

పెట్టమన్నాను. లోపలికొచ్చి వంటింట్లో కూర్చుండిపోయాను. చిరిగిన కవరు, సొట్ట గుడ్లు, 'మీ కోళ్లు' అనడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. బండివాళ్లకి తెలుసు. తెలిసి, నా అబద్ధాన్ని నా కోసం వాళ్లే మోస్తున్నారు. మొదట సిగ్గు ముంచుకొచ్చింది. తర్వాత, నిజం చెబుతున్నానక్కా, నడుముకి కట్టిన తాడేదో వదులైనట్టు అనిపించింది. ఇంక కొత్తగా తెలియాల్సింది ఎవరికీ ఏమీ లేదు.

శనివారం లక్ష్మమ్మ గారు వచ్చారు. ముందు సీట్లో తోమాసన్న పక్కన ఆవిడ, ఆవిడ పక్కన నేను ఇరుక్కుని కూర్చున్నాం. వేమూరు దాటాక నేను నోరు తెరిచాను. "అమ్మగారూ, ఒక మాట చెప్పాలి. నేను వచ్చే వారం నుంచి..."

ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు. రోడ్డు వంకే చూస్తూ, "మీ కోళ్లెన్నే?" అన్నారు.

"మూడండి" అన్నాను.

"పేర్లు పెట్టావా?"

"పెట్టానండి."

"ఏం పేర్లు?"

"రమేష్ బాబు, భవ్య, కరుణశ్రీ."

తోమాసన్న బండి పక్కకి తీసి ఆపేశాడు. నవ్వుతో స్టీరింగ్ మీద వాలిపోయాడు. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఏది ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. లక్ష్మమ్మ గారు మాత్రం నవ్వలేదు. కొంగుతో నా మొహం గట్టిగా తుడిచారు, స్కూల్లో పిల్లల ముక్కులు తుడిచినట్టు.

"ఆ మూడో కోడి బాగా చిక్కిపోయింది. దాన్ని చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఇంట్లో తినొచ్చానంటే నమ్మడానికి నేనేం వెర్రిదాన్నా? అడిగితే రావడం మానేస్తావేమోనని ఊరుకున్నాను."

"అందుకే మానేద్దామనుకుంటున్నానండి. నా చెయ్యి నాకే..."

"నీ చేతికేం రోగం? చూడు కరుణా, కోళ్ల పేరు చెప్పి ఇంక ఒక్క గింజ పంపను. తోమాసుకి కవర్లు కోసే పని కూడా లేదు. ఈ బండికి ఒకటే నియమం. కావలసినవాళ్లు వరసలో వచ్చి తీసుకోవాలి. బండి మీదున్నవాళ్లకి వేరే నియమం ఉందని నీకెవరు చెప్పారు? రేపల్లెలో దిగి వరసలో నిలబడు. ఆ తర్వాత వచ్చి బియ్యం కొలువు. అలా కుదరదంటావా, ఇక్కడే దిగి బస్సెక్కి ఇంటికి వెళ్లిపో. పొయ్యే బస్సులు చాలా ఉన్నాయి."

తోమాసన్న బండి మళ్లీ కదిలించాడు. భట్టిప్రోలు వచ్చింది, పోయింది. నాకు లోపల మళ్లీ అదే రభస. బోర్డు ముందు నిలబడ్డ నేను, అరల ముందు నిలబడ్డ నేను, ఇప్పుడు ఆ వరసలో నిలబడితే వాళ్లు నా గురించి ఏమనుకుంటారు? "పాపం" అంటారా? లేక "ఇన్నాళ్లూ ఈవిడేనా మనకి కొలిచింది" అంటారా? ఏదైనా భరించగలను గానీ ఆ మొదటి నిమిషం భరించలేననుకున్నాను.

బండి ఆగింది. తలుపు తీసుకుని దిగాను. అలవాటు కొద్దీ కాళ్లు వెనక అరల వైపు నడిచాయి. అక్కడ ఆగి, పక్కకి తిరిగి, వరసలో రత్తాలు ముందు ఖాళీ కనిపిస్తే అందులో నిలబడ్డాను.

"ఏయ్ ఏయ్, కరుణమ్మా! ఏంటక్కడ? మధ్యలో దూరమాకు. వరస అక్కడి నుంచుంది."

"నేను... సరుకులకి నిలబడ్డాను రత్తాలూ."

"సరుకులకైతే మాత్రం? పొద్దుటినుంచీ నిలబడ్డోళ్లం మేం పిచ్చోళ్లమా? ఎనక్కి పో."

అక్కా, ఆ మాటకి నాకు కలిగిన హాయి నీకెలా చెప్పను! వెళ్లి చివర నిలబడ్డాను. ఆ మొదటి నిమిషం అలా గడిచిపోయింది, నేను అనుకున్నదేదీ జరగలేదు. నా ముందు నిలబడ్డ ముసలావిడ తిరిగి చూసి, "నీడలోకి రామ్మా, ఇటు" అని కొంచెం జరిగింది. కాసేపటికి రత్తాలు తన వంతు అయ్యాక సంచి చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించగలదని నాకప్పుడే తెలిసింది.

"నిజంగానే సరుకులకా?"

"నిజంగానే. కాలేజీలో జీతాల్లేవు."

నా ఖాళీ చేతుల వంక చూసింది. తర్వాత, "మరి సంచేది?" అంది.

"తేలేదు."

"సంచి లేకుండా సరుకులకొచ్చావా? చదువుకున్నోళ్లు ఇంతే." తన సంచిలోంచి ఇంకో సంచి తీసి నా చేతిలో కుక్కింది. దానికి చేపల వాసన. "వచ్చేవారం తెచ్చియ్యి, మర్చిపోమాక. పెసరపప్పు తీసుకో, బాగుంది. ఆ వంకాయలు ముట్టుకోమాక, లోపల పురుగు. ఇంకో మాట. ఆ కలగలుపు బియ్యం మటుకు ఎవరిచ్చినా తీసుకోమాక."

"అవి మా ఇంట్లోనే ఉన్నాయి రత్తాలూ. రోజూ అవే తింటున్నాం."

రత్తాలు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నా భుజం మీద ఒక్క చరుపు చరిచి నవ్విన నవ్వుకి బండి మీదున్న లక్ష్మమ్మ గారు తల తిప్పి చూశారు.

నా వంతు వచ్చింది. లక్ష్మమ్మ గారు నన్ను ఎరగనట్టే, "రండమ్మా, చూసి తీసుకోండి" అన్నారు. అదే మాట నేను ఎన్నిసార్లు అన్నానో! అటువైపు నుంచి వింటే అరలు ఇంకో రకంగా కనిపించాయి. బియ్యం తీసుకున్నాను, పెసరపప్పు తీసుకున్నాను, నూనె దగ్గర చెయ్యి ఆగింది. వెనక ఎవరూ లేరు, అయినా నాకన్నా అవసరమైన వాళ్లున్నారేమోనని. "తొందరగా తీసుకోండమ్మా, ఎండ" అన్నారావిడ. తీసుకున్నాను. సంచి సీటు కింద పెట్టి, వెనక్కి వచ్చి, నగరం దగ్గర బండి ఆగినప్పుడు మళ్లీ నా చోట నిలబడి బియ్యం కొలిచాను.

రాత్రి ఇంట్లో అంతా చెప్పేశాను. తినకుండా తిన్నానన్న సంగతితో సహా. భవ్య చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. రమేష్ బాబు లేచి వెళ్లి ఆ కలగలుపు బస్తా వంక చూసి వచ్చాడు. "అమ్మయ్య! అదా సంగతి! దిగులుతో నువ్వు వంట మర్చిపోయావేమోనని, ఏమైనా అంటే ఇంకా బాధపడతావని నోరు మూసుకుని తింటున్నానే ఇన్నాళ్లూ" అన్నాడు. ఆ మనిషి ముఖంలో అంత తేలిక చూసి ఎంత కాలమైందో. మిగిలిన బియ్యం ఇవాళ చర్చి అయ్యాక ఆయనే పిండి మరకి మోసుకెళ్లి ఆడించుకొచ్చాడు. నిన్న తిరుగుదారిలో నేనన్న మాట పట్టుకుని, ఇకమీదట పిడికెడు బియ్యం పిండిగానే బండెక్కుతుందని లక్ష్మమ్మ గారు ఇవాళ మీటింగులో చెప్పారు. ఆలోచన నాదేనని నా పేరు కూడా చెప్పారు. నేను కాదనలేదు.

కాలేజీ వాళ్లు ఆగస్టులో క్లాసులంటున్నారు. నాకంత నమ్మకం లేదు. ఏదైనా కావచ్చు, కాకపోవచ్చు. నా అనుమానాలు పూర్తిగా పోలేదక్కా, అవి నాతో పుట్టాయి. కానీ ఇప్పుడు అవి తీరిగ్గా, ఒక పక్కన కూర్చుని ఉన్నాయి. వచ్చే నెల నుంచి బండి బాపట్ల వైపు కూడా తిప్పాలని చూస్తున్నారు. నువ్వేదైనా పంపుతానంటే ఇంక వద్దనను. అరలోనే పెట్టు. నేను వరసలో వచ్చి తీసుకుంటాను.

వంటింట్లోంచి పెసరపప్పు తాలింపు వాసన వస్తోంది. భవ్య చేస్తోంది ఇవాళ. పళ్లాలు పెట్టి పిలుస్తున్నారు. ఆకలేస్తోందక్కా. వెళ్లి తింటాను.

నీ
కరుణశ్రీ